అద్దం దించొద్దు

ఆ పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురు: నాయన బసప్ప, అవ్వ ఓబులమ్మ, అన్న గిరి, పదో తరగతి పాసై కదిరి కాలేజీలో సీటు తెచ్చుకున్న నందిని. అమ్మ గంగాదేవి తెల్లారకముందే ఉపాధి పనికి పోయింది. గొడ్ల కొట్టంలో కొత్తగా ముస్తాబైన పాత కారు నిలబడి ఉంది. దాని చుట్టూ ముగ్గురే కనపడుతున్నారు.

"చెయ్యి తియ్యి అవ్వా! వేలిముద్ర పడతాది."

"ముట్టుకుంటే మాసిపోయేదానికి ఇంత రంగు ఎందుకు పూయిస్తివిరా గిరీ?"

"రంగు కాదవ్వా, వినైల్. పెద్ద స్టిక్కర్ అనుకో. బండికంతా ఒకటే తోలు తొడిగినట్ల. అనంతపురంలో ఇద్దరు కూర్చోని, వేడి గాలి కొట్టి కొట్టి, ఒక్క ముడత ల్యాకుండా అతికించినారు."

"మరి తలుపు మింద ఈ సొట్ట?"

"అది లోపల్ది. పాతది."

"ఓహో. తోలు కొత్తది, సొట్ట పాతది."

"దగ్గరికొచ్చి చూస్తే గదా కనపడేది! దూరంగా నిలబడు. నాయనా, నువ్వన్నా చెప్పు ఈమెకు."

"వాన్ని ఇడ్చిపెట్టమ్మా. అది మాట్ నలుపంట. మెరవదంట."

"మెరవకుండేదానికి దుడ్లిచ్చినారా బసప్పా? మన పెనం గూడా మెరవదు. ఊరికే అట్లయ్యింది."

"నవ్వవ్వా, నవ్వు. లీడరు వెనకాల పోయే బండ్లన్నీ ఇదే నలుపు. ఇంగొకటి చెప్తా విను. ఇది ఏ పార్టీ రంగూ కాదు. ఆయప్ప మల్లా పార్టీ మారినా మన బండి రంగు మార్చే పనుండదు."

"అది మాత్రం తెలివైన పనేనమ్మా."

"ఆవు ఎండలో నిలబడుకోనుండాది, కారు నీడలో ఉండాది. అది గూడా తెలివేనా బసప్పా?"

"మూడు దినాలు ఎండలో నిలబెట్టకూడదంటమ్మా. అంచులు లేస్తాయంట."

"ఆవుకు అంచులు లేవులే పాపం."

"అవ్వా, నీకు ఆవు తప్ప ఇంగేం కనపడదా? నాయనా, ఈ అద్దాలు జూడు. లోపల ఎవురుండారో చెప్పు."

"అంతా నల్లగుండాది. నా మొగమే నాకు కనపడతాండాది."

"అదీ! లోపల ఏనుగు కూర్చున్నా బయటోళ్లకు తెలీదు."

"ఇంత నల్లగా ఉంటే పోలీసోళ్లు ఆపరారా?"

"లీడరు వెనక బండిని ఎవురు ఆపుతారు నాయనా? లోపలుండేది ఎవురో తెలీకపోతేనే పెద్దోడనుకుంటారు."

"సరే గిరీ, పెద్దోడనే అనుకుంటారు. నువ్వని తెలీకపోతే నీకు దండం ఎవురు పెడతార్రా?"

"అద్దం దించి చెయ్యూపుతా అవ్వా."

"యాదీ, దించు, జూద్దాం."

"ఇప్పుడా! అద్దానికి అతికించిన కొత్త ఫిల్మ్ అవ్వా అది! ఆరేదాకా మూడు దినాలు అద్దం దించనేకూడదు. దించితే ముడతలు పడి మూలకు చుట్టుకోనిపోతాది. మల్లా అంతా పీకి అతికించల్ల."

"అంటే ఈ దినం ఆ బండ్ల వరసలో పోయేది నువ్వని నీకు తప్ప ఎవురికీ తెలీదు."

"తెలుస్తాది... బండి నెంబరుంటాది గదా. ఇంగ తాళం ఇయ్యవ్వా, టైమైతాండాది. తెల్లారినప్పుట్నించి నీ కాడే పెట్టుకోనుండావు."

"తాళం దేవుని పటం కింద ఉండాది. పూజ కానీ. ముందుపక్క పసుపు పూయల్ల."

"పసుపా! దీని మింద పసుపు పడితే మరక పోదవ్వా!"

"పసుపు పూయకుండా ఈ ఇంట్లోనించి ఏ బండి కదిలిందిరా? మీ తాత సైకిల్‌కు గూడా పూసినా."

"నిమ్మకాయ పెట్టు, చాలు. చక్రం కింద కదా, స్టిక్కర్‌కు తగలదు."

"సరేలేమ్మా, నిమ్మకాయే పెట్టు. నందినిని తెమ్మని చెప్పు. యాడ పోయింది ఆ పిల్ల, పొద్దున్నించి కనపడల్యా?"

"యాడో ఉంటాది. ఉన్నా నోరు తెరిచి చెప్తాదా ఏమన్నా? అది సరే గానీ బసప్పా, ఆ పిల్ల కాలేజీ సంగతేమి? పెట్టె సర్దుకోని వారమాయె."

"సోమవారం చేరల్లని చెప్పినా గదమ్మా."

"చెప్పింది ఆ పిల్లకు. నేనడిగేది నిన్ను. నిన్న కాలేజీనించి గిరి ఫోనుకు కబురొస్తే, మీరిద్దరూ గోడ చాటుకు ఎందుకు పోతిరి?"

"ఎండగా ఉండాదని..."

"పొద్దుగూకినంకనా?"

"అవ్వా, మెల్లగా! వింటాది."

"ఎవురు వింటారురా గిరీ? ఇంట్లో కనపడల్యా అంటాండాడు గదా మీ నాయన. చెప్పు బసప్పా. కారు మింద చెయ్యి పెట్టి నిజం చెప్పు."

"చెయ్యి పెట్టొద్దు నాయనా!"

"సరే, పెట్టకుండానే చెప్పు."

"ఈ దినమేనమ్మా. సాయంత్రం లోపల చేరకపోతే ఆ సీటు ఇంగొకరికి ఇస్తారంట."

"మరి సోమవారం?"

"సోమవారం పోతాం. సీటు ల్యాదంటారు. తిరిగొస్తాం. మనం పంపలేదని ఉండదు, వాళ్లు ఇయ్యలేదని ఉంటాది."

"పొద్దున బస్సు పోయింది. ఇంగ ఆ పిల్లకు ఈ కారే దిక్కు గదప్పా."

"కదిరి ఆ పక్క, శింగనమల ఈ పక్క అవ్వా! లీడరు కరువు చూసేదానికి శింగనమలకు వస్తాండాడు. వరసలో ఆరో బండి నాదేనని మాటిచ్చినారు."

"కరువు చూసేదానికి ఆరు బండ్లా? యాడ నిలబడినా కనపడతాదే."

"నీకు తెలీదు గమ్మునుండు. ఆయప్ప కంట్లో పడితే మనకు బోరు శాంక్షనైతాది. నందిని సదువు వచ్చే ఏడు గూడా ఉంటాది."

"బోరు గూడా ఉంటాది గదరా వచ్చే ఏడు. నీళ్లే ఉండవు, ఏ ఏడైనా."

"ఆ పిల్ల ఏమీ అనుకోదులేమ్మా. దానికి నోరు తెరిచి అడిగేదే తెలీదు. బడిలో బహుమతికి పిలిస్తే గూడా సిగ్గుపడి లేచి పోల్యా."

"అవును, మెత్తని పిల్ల. అందుకని మోసం చేస్తిరా?"

"మోసమేమిటికమ్మా... చెప్పలేదు, అంతే."

"నాయనా."

"ఏమిరా గిరీ?"

"నేనేమన్లేదు నాయనా."

"నాయనా. నేను."

"అమ్మా... ఈ గొంతు యాడనించి వస్తాండాది?"

"కారులోనించి బసప్పా."

"నందినీ! లోపలికెట్ల పోతివే? దిగు! సీటు మింద ప్లాస్టిక్ చింపినావా?"

"చింపలేదన్నా. సోమవారమంటివి గదా నాయనా."

"అది... దిగు తల్లీ. దిగితే మాట్లాడుకుందాం."

"దిగను."

"అవ్వా, పోయి తాళం తే! తలుపు తీసి బయటికి లాగుతా."

"తాళం పెడితే అద్దం దించుతా అన్నా."

"ఏమి?"

"నా చెయ్యి అద్దం దించే పిడి మిందనే ఉండాది."

"వద్దు! నందినీ! బంగారు తల్లీ! పిడి తిప్పొద్దు!"

"ఒక సుట్టు తిప్పినా."

"నాయనా, ముడత! ఆ మూల జూడు, ముడత పడింది!"

"అది నీ మొగంరా గిరీ, అద్దంలో కనపడతాండాది."

"నీకేం కావల్లో చెప్పు నందినీ, చెప్పు!"

"కదిరి. కాలేజీ కాడ దించల్ల. నాయన గూడా రావల్ల, సంతకం పెట్టేదానికి."

"లీడరు కాచుకోనుంటాడే..."

"రెండో సుట్టు తిప్పమంటావా?"

"పోదాం! కదిరికే పోదాం! నాయనా, పెట్టె తే! మెల్లగా! ఆ రేకు మూల తగిలితే స్టిక్కర్ చీలుతాది! గుడ్డ చుట్టు! నీ పంచ చుట్టు!"

"పంచ పెట్టెకు చుడితే నేనేం కట్టుకోవల్లరా?"

"లోపల కూర్చుంటే ఎవురికి కనపడతాది నాయనా? అద్దాలు నల్లగుండాయి గదా!"

"నందినీ... తల్లీ... నాయన మింద కోపమా?"

"పక్కన కూర్చోని అడుగు బసప్పా. కదిరి దాకా బోలెడు దారి ఉండాది. పో, ముందు పెట్టె సంగతి జూడు. వాడు ఒక్కడే ఎత్తలేడు."

"అవ్వా, తాళం!"

"పటం కింద ల్యాదు, కొంగున కట్టుకోనే ఉండా, ఇదో తీసుకో. ఇద్దరూ వెనకపక్కకు పోండి. నందినీ, ఈ తలుపు రవ్వంత తీయే, కుంకుమ పెట్టల్ల. నీకేలే, కారుకు కాదు. అయ్యో, చెమటకు తడిసి ముద్దైపోతివే. వాళ్లు పెట్టె కాడుండారు, మెల్లగా చెప్తా విను. 'మా నాయన అబద్ధం చెప్పడవ్వా' అంటివి గదా నిన్న? నా మాట నమ్మవనే, నీ చెవులతో నువ్వే వినల్లని, వాకిలి ఊడ్చకముందే నిన్ను తీసుకొచ్చి దీంట్లో కూర్చోబెడ్తి. ఏడవద్దు. కాళ్లు లోపలికి పెట్టుకో, తలుపేస్తాండా. కాలేజీ గేటు దాటేదాకా ఆ పిడి మిందనించి చెయ్యి తియ్యొద్దు."