రెండు దండాలు

తిరువొత్తియూరులో ఒక మధ్యాహ్నం. బయటినుంచి వచ్చిన శరణ్య నేరుగా స్నానాల గదిలోకి పోయి, తడి తలతో బయటికి వచ్చింది. గుండె ఆపరేషనై మంచాన ఉన్న అత్త అమ్ములు ఒళ్లో ఫోను పెట్టుకొని ఉంది.

“ఈ వేళప్పుడు తలకు పోసుకున్నావేమే?”

“చెమట అత్తా. ట్రైన్లో ఒకటే జనం. మాత్ర ఏసుకున్నారా?”

“ఏసుకున్నాలే. ఈడ కూర్చో.”

“తల ఆరనీండి.”

“కూర్చోమంటా ఉంటే. శివరామ్ పొద్దున ఫోన్లో దండం బొమ్మ పెట్టినాడు.”

“తూత్తుకుడిలో కంపెనీ పని ఎక్కువంట అత్తా. సిగ్నలు కూడా లేదంట ఆడ.”

“దండానికి ఉండే సిగ్నలు మాటకు లేదా?”

“అదీ... రాత్రికి చేస్తారేమో.”

“పాలాయన పెడతాడు ఈ దండం, కేబులాయన పెడతాడు. దానికేముంది. చదువు రాని తల్లికి నా కొడుకు రాసే జాబు ఇదొకటే. వాడు చేతులు జోడిస్తాడు, నేను ఎత్తిన చెయ్యి బొమ్మ పెట్టి దీవిస్తా.”

“తెలుసు అత్తా.”

“ఏం తెలుసు? ఎన్ని పెడతాడు?”

“ఎన్నేంది? ఒకటి.”

“రెండు. ఒకటి నాకు, ఒకటి పటంలో ఉండే వాళ్ల నాయనకు. ఆదివారం నుంచి ఒకటే వస్తా ఉంది.”

“మరిచిపోయుంటారు.”

“నాయన్ను మరుస్తాడా వాడు? బీరువాలో నీ పాత ఫోను ఏదే? వాడి సిమ్ము దాంట్లో ఏసినావు కదా.”

“డాక్టరు మీకు చెప్పద్దన్నాడు అత్తా. మీ కుట్లు ఇంకా...”

“నా కుట్లు అట్టుండనీ. వాడు యాడుండాడు?”

“తూత్తుకుడి పోలేదు. ఈడనే, ఫ్యాక్టరీలో ట్యాంకు పేలింది. ఐసీయూలో పెట్టినారు. నేను ఆఫీసని చెప్పి ఆడికే పోతా ఉన్నా.”

“ఇప్పుడెట్టుండాడు, శరణ్యా?”

“నేను తలకు పోసుకునింది చెమటకు కాదు అత్తా. తల ఇంకా ఆరలేదు.”

“సెరి.”

“అత్తా, పడుకోండి. నీళ్లు తెస్తా.”

“వద్దు. ఈడనే ఉండు.”

“ఆ దండం ఆయనది కాదని తెలిసీ దినామూ చెయ్యి పంపిస్తిరే. ఈ పొద్దు కూడా పంపిస్తిరే అత్తా.”

“అది నీకేనే. దీర్ఘసుమంగళిగా ఉండమని.”