సోమారం దాక బతకాలె

బస్తరు సంస్థానానికి దక్షిణపు కొసన, కిష్టారం పక్క పల్లె. ఎర్రయ్య బర్రెల దొడ్డి ముందు, తూటా తిన్న అడవిదున్న పడి మూడు రోజులైంది. దానికి కాపలా పెట్టిన అడవి గార్డు కాశయ్య ఎర్రయ్యకు సొంత అక్క మొగుడు. శనివారం, మిట్టమధ్యాహ్నం. ఎర్రయ్య చేతిలో ఖాళీ అయిన నీళ్ళ బుంగ.

“లేదంటే లేదు. పొద్దటి సంది అదే మాట, అదే మాట. నీ అక్క మొగుణ్ణయిన పాపానికి నా కొలువు ఊడగొడ్తవా ఏందిరా?”

“ఒక్కపాలి చూసి చెప్పు బావా. ఇటు తిరుగు. చూడు.”

“చూసిన.”

“చూడలే. ముఖం చూసినవ్, కొమ్ములు చూసినవ్. ఎనక్కి పోయి చూడు. నడుముల దిగింది తూటా. ఎనక కాళ్ళు చచ్చినయ్. పుండుల పురుగులు లుకలుకమంటున్నయ్. పొద్దుగాల కాకి వాలి...”

“చెప్పకు.”

“కాకి వాలి పొడుస్తుంటే తోకతోని కొట్టుకోలేకపాయె. తోక గూడ చచ్చింది.”

“చెప్పకంటే ఇనవేంది! నేనింకా తిండి తినాలె.”

“తిను. అక్క పంపిన జొన్నరొట్టె ఆడ చెట్టుకు కట్టిన. తినుకుంటనే చెప్పు. ఎందుకు చంపొద్దు?”

“సర్కారు జంతువు. పర్వానా లేకుండ దాని మీద చెయ్యేస్తే ఆర్నెల్లు జైలు. ఏసినోడికి జైలు, చూసుకుంట ఊకున్నందుకు నాకు కొలువు పాయె.”

“వేటకొచ్చిన దొరకు పర్వానా ఉన్నది గద?”

“ఉన్నది. కాయితం నేనే చూసిన.”

“మరి చంపుమను. సగం చంపి పోవుడేంది? తిన్న ఇస్తరి ఎత్తకుండ పోయినట్టు.”

“దొరకు జరమొచ్చింది. మందుకని కుంట ఊరి దవాఖానకు పోయిండు. సోమారం వస్తడు, తనే వచ్చి చంపుతడు. మొదటి గుండు ఎవరిదో జంతువు వాళ్ళది. ఇంకొకడు చంపితే ఆ తల ఆయన గోడకు పనికిరాదంట. అందాక కొమ్ముకు గీత పడొద్దు, పానం పోవద్దు. సోమారం దాక బతకాలె. నాకిచ్చిన హుకుం అది.”

“అందుకేనా నాతోని నీళ్ళు పోయిస్తున్నవ్?”

“వెట్టిరా అది. ఎవని దొడ్డికాడ పడితే వాడు పోయాలె.”

“పోయకపోతే నిన్ననే పానం పోతుండె బావా. నేను బుంగ పట్టుకొని పోతే నోరు తెరుస్తది. తెరిచిన నోట్ల పోయకుండ ఎట్లుండాలె? పోసినందుకు ఇంకో పూట తన్నుకుంటది. ఏం పని జెప్పినవ్ బావా నాకు. మంచి పని జెప్పినవ్.”

“మబ్బు పడ్తున్నది చూడు ఆ దిక్కు.”

“మబ్బు సంగతి వద్దు. పోయినేడు నీ కుక్కను పంది చీరింది. పేగులు బయటపడ్డయ్. ఏం చేసినవ్?”

“...ఒక్క దెబ్బ కొట్టిన.”

“ఎవని పర్వానా తెచ్చినవ్?”

“అది నా కుక్కరా.”

“ఏడ్చినవ్ గద.”

“ఏడ్చిన. రెండు దినాలు ముద్ద దిగలే. అయితే ఏంది? అది నాది, ఇది రాజుగారిది. కుక్కకు, దీనికి పోలికేందిరా?”

“రాజుగారిదయితే నొప్పి తక్కువుంటదా?”

“నొప్పి సంగతి చట్టంల లేదు. ఒక్కటున్నది. మనిషి మీదికొస్తే చంపొచ్చు. మీదికొచ్చింది, పానం కాపాడుకున్న అని నువ్వు చెప్పు. రాస్త.”

“మీదికి రమ్మను. లేవమను. లేచిందంటే నేనే దాని కాళ్ళు మొక్కుత.”

“నవ్వులాట గాదు, చెప్తవా?”

“చెప్ప. మూడేండ్ల సంది వస్తున్నది, నా దొడ్డి కంప ఒక్కటి తొక్కలే. చచ్చేముందు దాని మీద ఆ నింద నేనెయ్య. ఇంకొకటి అడుగుత. అది నా గొడ్డయితే?”

“నీ గొడ్డయితే నీ ఇష్టం. ఎవడడుగుతడు?”

“నాదే అని రాయి.”

“ఏందీ?”

“ఆ కట్టేసిన నాలుగు దూడలను చూడు. కొమ్ము మొలిచే తీరు చూడు. తండ్రి ఎవడు? వానకాలమొస్తే వచ్చి నా బర్రెల్ల కలుస్తది. మంద ఇంటికి మళ్ళితే ఎనకెనక వచ్చి, ఇగో, ఈడనే నిలబడ్తది. లోపలికి రాదు. నా పెండ్లం సారలమ్మ బండ మీద ఉప్పు పెడితే నాకి పోతది. తూటా తగిలినంక అడవిలకు పోయిందా? వాగు దాటి ఈడికే వచ్చి కూలబడ్డది. ఇది అడవిదెట్లయితది బావా?”

“అట్ల రాస్తే దొర ఊరోని గొడ్డును కాల్చిండని రాసినట్టు. ఆ మాట రాసిన చెయ్యి నాకుంటదా? పైంగ నువ్వు రిజర్వు అడవిల మేపినవని నీ బర్రెలన్ని తోలకపోతరు. నోరు మూసుకో.”

“నాదయితే దొర తప్పు. అందుకని అది నాది గాదు. అడవిదయితే నా తప్పు. అందుకని అది అడవిదే. మంచిగ రాసిండ్రు. రాసినోడు ఎంత సదివిండో!”

“నువ్వు బడి ఎగ్గొట్టకపోతే నువ్వే రాస్తుంటివి.”

“బడికి పోయినోడివి నువ్వున్నవ్ గద. ఏం రాసినవ్?”

“...ఏందా చప్పుడు?”

“ఊపిరి.”

“ఊపిరా అది?”

“రాత్రుళ్ళు ఇంకా పెద్దగ ఇనబడ్తది. నువ్వు దొర డేరాలకాడ పంటవ్, నీకేం తెలుసు. సారలమ్మ చెవుల్ల గుడ్డలు కుక్కుకొని పంటున్నది. బర్రెలు పాలిస్తలేవు. మా ముసలి బర్రె తలుగు తెంపుకొని వచ్చి దాని మూతి నాకుతున్నది. తోలకపోయి కట్టేసిన. మళ్ళ తెంపింది. మళ్ళ కట్టేసిన. మూడోపాలి కట్టేయబుద్ధి గాలే.”

“ఎర్రయ్యా.”

“ఊఁ.”

“నా తుపాకి పేలిస్తే డేరాల్ల ఉన్న దొర మున్షికి ఇనబడ్తది. ఇంట్ల బల్లెం ఉన్నదా?”

“ఉన్నది.”

“ముందుకాలు ఎనక, పక్కటెముకల సందున. ఒక్కటే పోటు, లోతుగ. నేను వాగుకు పోయి మొఖం కడుక్కొనొస్త. వచ్చేసరికి కానియ్యి. పోటు మీద నేను బురద పూస్త. ఎండకు తాళలేక పోయిందని చెప్త. తోలు వలిచేటోడు మన సన్నగాడు. వాడు తన తల్లితోనే మాట్లాడడు, మున్షితోని ఏం మాట్లాడ్తడు?”

“బావా...”

“ఏం గాదు. జైలు లేదు, గియిలు లేదు. నా బిడ్డల మీద ఒట్టు. పో, బల్లెం తెచ్చుకో.”

“నువ్వే పొడువు బావా.”

“ఏమన్నవ్?”

“బల్లెం తెచ్చిస్త. నువ్వు పొడువు. వాగుకు నేను పోత.”

“పొద్దటి సంది నా పానం తోడితివి గదరా! ఎందుకు చంపొద్దు, ఎందుకు చంపొద్దు అని! సరే చంపు అంటే నా చేతికిస్తవా? గార్డు కొలువు నాది, కాపలా నాది, పొడిచేది గూడ నేనేనా?”

“చంపాలె అన్న. నేను చంపుత అనలే.”

“భయమా?”

“భయం గాదు.”

“ఎన్ని పందులను పొడిచినవ్ ఆ చేత్తోని!”

“భయం గాదంటున్న గద.”

“మరి ఇను. నేను దగ్గరికి పోతే అంత నొప్పిల గూడ కొమ్ము ఇసురుతది, బెదురుతది. నువ్వు పోతే మెడ చాపుతది. నీ చేతులనైతే బెదరకుండ పోతది. అది దానికి మేలు గదరా?”

“మెడ చాపుతది. అందుకే నాతోని గాదు.”

“ఇంత దయగలోడివి, హాంకా దినాలల్ల ఏం చేసినవ్ మరి? ఊరంతటితోని అడవిల డప్పు కొట్టుకుంట తిరిగినవ్ గద, జంతువుల్ని దొర మంచె దిక్కు తోలనీకి. దీన్ని ముందే అవతలికి ఎల్లగొట్టకపోయినవా?”

“నీళ్ళు తెస్త. బుంగ ఖాళీ అయింది.”

“నిలబడు. నాలుగు దినాలు ఒక్క గిట్ట కనబడలే. ఐదో దినం డప్పు లేదు, తోలుడు లేదు, తానే వచ్చి మంచె ముందు నిలబడ్డది. పట్టపగలు ఏ అడవిదున్నయినా అట్ల వస్తదా? దొర అదృష్టం అన్నరు అందరు.”

“అదృష్టం గాదు.”

“మరేంది?”

“మున్షి మాట మరిచినవా? మంచె ముందుకు జంతువొచ్చిందాక ఎవ్వడు చేనుకు పోవద్దన్నడు. ఒక వాన పడి ఆరిపాయె. ఇత్తనాలు గుమ్ముల్నే ఉండె. ముసలి హిడ్మా నడవలేనంటే ఈపు పగిలేటట్టు కొట్టిండ్రు. కోసగాని పెండ్లం నిండు కడుపుతోని డప్పుల ఎంట నడిచె.”

“అదంత నాకు తెలుసు. నువ్వేం చేసినవ్ అది చెప్పు.”

“ఏం చేయలే.”

“ఎర్రయ్యా, ఇటు చూసి చెప్పు.”

“మంచె కిందికి పోయి, పొద్దుగూకే యాళ మందను పిలిచినట్టు పిలిచిన బావా. బర్రెలన్ని ఊర్ల కట్టేసి ఉండె. ఇనేది అదొక్కటే.”