వంతెన ఇవతల

జుట్టు కత్తిరించే చిన్న దుకాణం. అద్దం ముందు కుర్చీలో ఆరోగ్య శాఖలో జబ్బుల లెక్కలు చూసే అమ్మాయి, వెనక కత్తెరతో ఆమె మేనత్త. గోడవారగా బల్ల మీద, తన వంతు కోసం ఎదురుచూస్తూ రిటైరైన టీచరమ్మ.

"వంతెన అవతలి పేటకన్నా మన పేట అధ్వానమా? పచ్చి అబద్ధం! మా అక్క అక్కడే ఉంటుందిగా, వాళ్ళింట్లో గాలాడదు, వెలుతురుండదు."

"గాలి సంగతి కాదత్తా. క్యాన్సర్‌తో చిన్న వయసులో పోయేవాళ్ళ సంగతి. అవతలి పేటతో పోలిస్తే మన దగ్గర దాదాపు రెట్టింపు."

"తల కదపకు, చెవి తెగుతుంది. చిన్న వయసంటే ఎంతే?"

"మా లెక్కలో డెబ్బై ఐదు లోపు."

"ఏమన్నావమ్మాయ్? మళ్ళీ చెప్పు!"

"డెబ్బై ఐదు లోపు, టీచరమ్మగారూ."

"వదినగారూ, విన్నారా? నాకు డెబ్బై రెండు. అంటే నేనింకా చిన్నపిల్లనే! ఉండండి, మా ఆయనకి ఫోన్ చేసి చెప్తాను. పొద్దున్నే ముసలిదానా అన్నాడు."

"చెప్పండి, చెప్పండి. ఇవాళ మీకు రెండు జడలేసి రిబ్బన్లు కట్టి పంపిస్తాను. ఏమే లెక్కలపిల్లా, మన పేటలో జనం ఎక్కువ. ఎక్కువమంది ఉన్నచోట ఎక్కువమంది పోరూ?"

"అందుకేగా లక్షమందికి ఎంతమంది అని చూస్తాం. రెండు పేటలకీ ఒకటే కొలత."

"అయితే మన దగ్గర ముసలి... అదే, మా టీచరమ్మగారిలాంటి చిన్నపిల్లలు ఎక్కువేమో."

"ఆ వయసు తేడా కూడా సరిచేసే చూస్తామత్తా. మరీ అంత తెలివితక్కువదాన్నా నేను?"

"నీళ్ళు?"

"ఒకే చెరువు, ఒకే గొట్టం."

"అయితే నీ లెక్కే తప్పు."

"నేనూ అలాగే అనుకుని మళ్ళీ మళ్ళీ చూశా. జబ్బు రెండు చోట్లా ఒకేలా వస్తోంది. వాళ్ళు ముందే చూపించుకుంటున్నారు, బతుకుతున్నారు. మనవాళ్ళు ముదరబెట్టుకుని వస్తున్నారు, పోతున్నారు. అంతే తేడా."

"ఊఁ."

"ఊఁ అంటే కాదు. రేపు క్యాన్సర్ పరీక్షల బండి మన వీధిలోకి వస్తోంది. పోయిన రెండుసార్లూ ఈగ కూడా వాలలేదు. రేపు కూడా ఎవరూ రాకపోతే ఇక మన పేటకి పంపించరట. నువ్వొక్క మాట చెప్పత్తా. ఈ కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ నువ్వంటే గురి."

"నేను జుట్టు కత్తిరిస్తాను, ఉపన్యాసాలివ్వను. తల వంచు."

"అత్తా..."

"వంచమన్నానా!"

"ఆ బండి గొడవ మాకొద్దమ్మా. మా తోటికోడలు అలాగే పరీక్షకి వెళ్ళింది. వెళ్ళిన ఆరు నెలలకి పోయింది. వెళ్ళకుండా ఉంటే ఈపాటికి నిక్షేపంలా ఉండేది."

"అంతకుముందు ఎన్నాళ్ళు దాచుకున్నారండీ ఆవిడ?"

"దాచుకోవడమేమిటి? ఏదో ఏడాదిగా కాస్త నొప్పి, నొప్పి అనేది... రెండేళ్ళేమో. అవన్నీ నీకెందుకు?"

"చూశావా అత్తా! పోయినవాళ్ళ కథలే అందరికీ తెలుసు. నయమైనవాళ్ళు మన పేటలోనూ ఉండే ఉంటారు. ఒక్కరూ నోరు విప్పరు."

"ఎందుకు విప్పుతారే? విప్పితే ఏమవుతుందో తెలుసా నీకు? మంచినీళ్ళ గ్లాసు వేరే పెడతారు. పెళ్ళికెళ్తే పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. అయ్యో పాపం, అయ్యో పాపం అని అరగంట కూర్చుని, మర్నాటి నుంచి పక్క వీధి దుకాణానికి పోతారు. ఎందుకంటే, అంటుకుంటుందట!"

"అంటుకోదు కదత్తా."

"ఆ సంగతి నాకు తెలీదా!"

"నా మీద అరుస్తావేంటి? ... అత్తా, కత్తెర ఆపేశావేం?"

"ఏం లేదు."

"వదినగారూ, కళ్ళల్లో ఆ నీళ్ళేమిటండీ?"

"వెంట్రుక పడింది."

"రెండు కళ్ళల్లోనా?"

"టీచరమ్మగారూ, రేపు మీరు ఆ బండి దగ్గరికి వెళ్ళాలి."

"చచ్చినా వెళ్ళను."

"అలాగా. అయితే ఇలా రండి. నా జుట్టు పట్టుకుని లాగండి."

"ఇదేం కోరికండీ?"

"లాగండంటున్నానా. గట్టిగా."

"బావుండదండీ, నొప్పి పుడు... అమ్మో! ఓరి దేవుడో! చేతిలోకి ఊడొచ్చింది!"

"కింద పడేయకండి, ఖరీదైన విగ్గు."

"అత్తా! ఏంటత్తా ఇది?"

"నాది మందులకి ఊడిపోయింది. చూడు, మళ్ళీ మొలుస్తోంది. ఎంత నల్లగా వస్తోందో!"

"మరి పెద్దత్తకి మోకాళ్ళ ఆపరేషన్, సాయంగా ఉండాలి అని వెళ్ళి అన్ని నెలలు..."

"దాని మోకాళ్ళకేం, గుర్రంలా ఉంది. అదే నాకు సాయం ఉంది."

"నాకు కూడా చెప్పలేదా? రోజూ ఇవే లెక్కలు చూస్తానే నేను! ఇప్పుడెలా ఉంది? చెప్పత్తా!"

"ఏడవకే పిచ్చిదానా. మొన్న మళ్ళీ చూశారు, ఏమీ లేదన్నారు. ముందే వచ్చావు కాబట్టి సరిపోయింది అన్నాడు డాక్టరు. ఏంటి టీచరమ్మగారూ, దూరం జరుగుతున్నారు?"

"జరగడం కాదండీ, కళ్ళజోడు వెతుక్కుంటున్నా. ఏదీ, తల ఇటు వంచండి... నిజంగానే నల్లగా వస్తోంది! ఏమ్మాయ్, రేపు బండి ఎన్నింటికి?"

"తొమ్మిదికండీ. వస్తారా?"

"మీ అత్త నా పక్కన నిలబడితే వస్తాను. లేకపోతే లేదు."

"నిలబడతాను. ఇదిగో, ఈ తలతోనే నిలబడతాను, వీధి వీధంతా చూడనీ. ఏమే, ఇక్కడ ఎవరికీ తెలియకూడదని అవతలి ఆసుపత్రిలో మా అక్క ఇంటి అడ్రసిచ్చాను."

"అంటే... మా లెక్కలో నువ్వు..."

"వంతెన అవతల బతికినదాన్ని. కొట్టేసి, ఇవతల రాయి."