‘పర్వాలేదు’ను నమ్మని ఫుమియె గారు

1986 ఏప్రిల్ ఒకటో తేదీన, హచినోహె రేవులో ఇంకా మంచు కరగని ఒక ఉదయాన, శ్రీమతి షిమొమూరా ఫుమియె గారు మా రక్తదాన కేంద్రంలో నర్సుగా చేరారు. అప్పటికి వారి వయస్సు ఇరవై రెండేళ్లు. ముప్పైఎనిమిదేళ్ల నిర్విరామ సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ మధ్యకాలంలో పదకొండుమంది అధికారులు వచ్చి వెళ్లారు. వారి పేర్లు గోడమీది ఫలకానికి తెలుసు. ఫుమియె గారి పేరు ఊరికి తెలుసు.

1989లో కేంద్రానికి ప్లేట్‌లెట్లు తీసే యంత్రం వచ్చినప్పుడు, దాని బాధ్యతను వారే స్వీకరించారు. యంత్రం దాత రక్తాన్ని గిర్రున తిప్పి, లేత పసుపు రంగు ప్లేట్‌లెట్లను వేరుచేసి, మిగిలినదంతా తిరిగి ఒంట్లోకి పంపుతుంది. గడ్డకట్టకుండా కలిపే మందు కూడా దాంతోపాటే చేరి, రక్తంలోని కాల్షియాన్ని కాసేపు కట్టిపడేస్తుంది. పెదాలు తిమ్మిరెక్కుతాయి, చలి పుడుతుంది. వెంటనే చెబితే సర్దుకుంటుంది. దాచిపెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. అయితే మా ఊళ్లో చెప్పేదెవరు? హచినోహె మనిషి పడవ మునుగుతున్నా పర్వాలేదనే అంటాడు.

మరుసటి ఫిబ్రవరిలో ఇవాబుచి అనే జాలరి వచ్చారు. మొరియొకా ఆసుపత్రిలో ఉన్న ఒక తల్లికి ఆయన ప్లేట్‌లెట్లే సరిపోలాయి. సంచి నిండకపోతే ఆ రోజుకు ఆమెకు మరో ఆధారం లేదు.

“పర్వాలేదా, ఇవాబుచి గారూ?”

“పర్వాలేదు.”

పది నిమిషాలకు మళ్లీ అడిగారు. మళ్లీ అదే జవాబు. మూడోసారి అడిగేసరికి ఆయన చేతిలోని టీ కప్పు జారి దుప్పటి మీద ఒలికింది.

“వేళ్లు తిమ్మిరెక్కాయి కదూ?”

“చెబితే మిషను ఆపేస్తావు నర్సమ్మా. అక్కడ ఆవిడ కాసుక్కూర్చుంది.”

“ఆపను, నెమ్మది చేస్తాను. మీరు దాస్తే మాత్రం మొత్తానికే ఆపాల్సొస్తుంది. ఏదీ, నమముగి, నమగొమె, నమతమగొ అనండి.”

పచ్చి గోధుమ, పచ్చి బియ్యం, పచ్చి గుడ్డు. నోరు తిరగడానికి చిన్నప్పుడు మా అందరిచేతా అనిపించిన మాటలే.

“నమముగి, నమ… నమగొ…”

“గుడ్డు దాకా రానేలేదు. అబద్ధానికి మాత్రం నోరు భలే తిరుగుతోంది.”

ఫుమియె గారు యంత్రం వేగం తగ్గించి, మెడ దాకా దుప్పటి కప్పి, కాల్షియం కలిపిన వేడి పాలు పట్టించారు. అరగంటకు ఇవాబుచి గారు గుడ్డుతో సహా మూడూ అప్పజెప్పారు. సంచీ నిండింది. ఈ మాటలు రాస్తున్నవాడు, అంటే కేంద్రం బండి డ్రైవరు, బడి మధ్యలోనే మానేసి, ఎవరి మంచితనాన్నీ ఊరికే నమ్మడం చేతకానివాడు, ఆ సంచిని మంచులోనే మొరియొకాకు చేర్చాడు. తిరిగొచ్చేసరికి ఫుమియె గారు ఇంటికి వెళ్లకుండా గుమ్మంలో నిలబడి ఉన్నారు. “అందిందా?” అని మాత్రం అడిగారు. ఆ రోజునుంచి డ్రైవరుకు కొంచెం నమ్మకం కుదిరింది.

అటుపిమ్మట వారు ఏ దాతనూ ‘పర్వాలేదా’ అని అడగలేదు. గుడ్డు దాకా రమ్మన్నారు, అంతే. తమ వద్ద శిక్షణ పొందిన నర్సులందరికీ సూదికంటే ముందు ఆ మూడు మాటలే నేర్పారు.

నిన్న మధ్యాహ్నం ఆఖరి దాతను సాగనంపి, యంత్రం తుడుస్తుండగా డ్రైవరు అడిగాడు.

“దిగులుగా ఉందా అక్కా?”

“పర్వాలేదు.”

“అయితే గుడ్డు దాకా రండి.”

“ఏడిశావులే. నమముగి, నమగొ… నమ…”

డ్రైవరు వెళ్లి పాలు వేడిచేసి తెచ్చిచ్చాడు.

ఇచ్చిన ప్లేట్‌లెట్లను శరీరం కొద్ది రోజుల్లోనే నింపుకుంటుంది. ఫుమియె గారు లేని లోటును నింపుకోవడం ఈ కేంద్రానికి అంత తేలిక కాదు. వారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలనీ, దారిలో కనబడి ఎలా ఉన్నారని మేమడిగినప్పుడల్లా ఆ పాడు ‘పర్వాలేదు’ జోలికి పోకుండా, తడబడకుండా గుడ్డు దాకా చెప్పాలనీ మనసారా కోరుకుంటున్నాము.