దర్జీ వదిన ఎత్తుమడి

ఆ చెక్కపెట్టె కాస్త ఇటు జరుపు, మధ్యాహ్నం దాకా ఎండ ఉండేది ఇక్కడే. ఆఁ, చాలు. చెప్తానుండు. కానీ తల్లీ, ఈమధ్య నాకు ముందుది వెనక్కి, వెనకది ముందుకి వస్తోంది. పొట్లం కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని, ఇప్పుడు పొద్దున చదివిన పేజీ మధ్యాహ్నానికి ఉండటం లేదు. అందుకని ఆ మడిలో తొక్కలు ముందు పరిచిందా, ఎండాకులు ముందు పరిచిందా అని నన్ను నిలదీయకు. ఎవరా? వదినే. మీ తాతయ్యకి అక్క. నువ్వు పుట్టకముందే పోయింది. ఆవిడ దర్జీ. ఊళ్లో సగం మంది ఒంటి కొలతలు ఆవిడకి నోటికొచ్చు. "మొన్నటికీ ఇవాళ్టికీ నడుం పెరిగింది, ఏం తింటున్నావే?" అని వీధిలోనే అడిగేది. నవ్వకు, నన్నూ అడిగింది. చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించలేక కొట్టు మూసేసి మా దగ్గరికి వచ్చేసింది. వచ్చి ఏం చేసింది? గోడకేసి చూస్తూ కూర్చుంది. పిలిస్తే పలకదు, పెడితే తినదు. మనిషి అలాగే కరిగిపోతుందేమోనని మీ తాతయ్యకి బెంగ.

అప్పుడు మేం అద్దెకుంటున్నాం. పెరడంతా సిమెంటు, చారెడు మట్టి లేదు. ఒకరోజు పక్కింటి గోడ కూలితే వచ్చిన ఇటుకలు చూసి లేచింది. వరసగా పేర్చింది, మోకాలెత్తున, మంచమంత మడి. అడుగున ఏం వేయాలి? కొట్టులోంచి తెచ్చుకున్న గుడ్డముక్కల సంచులున్నాయిగా, విప్పి చూడకుండా వాటినే బోర్లించింది. "గుడ్డ కుళ్లదా ఏమిటే!" అంది. పైన ఆకులు, తొక్కలు, పేడ, బూడిద, మట్టి. టమాటా నాటి, చుట్టూ ఉల్లి గుచ్చి, సందుల్లో ముల్లంగి చల్లింది. "పొడుగుదాని నీడలో పొట్టిది, నిదానంగా వచ్చేదాని పక్కన తొందరగా వచ్చేది, ఒక తానులో అన్ని ముక్కలూ సర్దినట్టు" అనేది. తిండి తినడం మొదలెట్టింది, నన్ను తిట్టడం కూడా. హమ్మయ్య అనుకున్నాం.

తర్వాత వానలొచ్చాయి. ఏమైందంటే... ఏం చెప్తున్నాను? ఆఁ, నీళ్లు. మడిలో నీళ్లు దిగవే! టమాటాలు పసుపెక్కాయి, గోడకి చెమ్మెక్కింది. పై వాటాలో ఉండే ఇంటావిడ దిగొచ్చింది. ఆవిడ గొంతు ఇలా ఉండేది: "ఏమమ్మా, ఇల్లు అద్దెకిచ్చానా, చెరువు అద్దెకిచ్చానా? ఆదివారానికి ఇదంతా తీసి బయట పారేయండి!" వదిన లోపలికెళ్లి మళ్లీ గోడకేసి కూర్చుంది. "వదినా, పారేయమంది కదా, పారేసేముందు అడుగున ఏముందో చూద్దాం రా" అని చెయ్యి పట్టుకు లాక్కొచ్చాను.

తవ్వితే ఏముంది, నైలాను! రంగు కూడా పోలేదు. పరుపులా పరుచుకుని నీళ్లని ఆపేసింది. వీధిలో ఆడవాళ్లంతా చేరారు. "ఇది నా జాకెట్టు ముక్క!" "ఇది మా పిల్ల గౌను!" అని ఒకటే గోల. వదిన కొవ్వొత్తి వెలిగించి, ఒక్కో ముక్క అంచు కాల్చి చూడటం మొదలెట్టింది. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, ఇటు. నైలానైతే ముడుచుకుని పూసకడుతుంది, అటు. అంతలో ఇంటావిడ వచ్చి నిలబడింది. "అదుగో, ఆ నెమలికంఠం రంగుది నాదే. అసలు పట్టు! మా ఆయన ఏరికోరి తెచ్చారు" అంది అందరికీ వినబడేలా. అప్పటికే అది వదిన చేతిలో మంట మీద ఉంది. పట్టైతే జుట్టు కాలిన వాసన రావాలి. రాలేదు. పూసకట్టింది. పక్కనున్న నాకు కనబడింది, ఇంటావిడకీ కనబడింది. వదిన ఆ వేడి పూసని గుప్పిట్లో మూసేసింది. "పట్టు ముక్క మట్టిలోకెందుకు, దాచుకోండి" అని కాలని చివర కత్తిరించి ఆవిడకిచ్చింది. అరచెయ్యి బొబ్బెక్కింది పాపం, మొహంలో మాత్రం ఏమీ లేదు.

అందరూ వెళ్లాక ఇంటావిడ మెల్లిగా అడిగింది, "కుట్టినప్పుడే తెలుసా?" అని. "మీకు బాగా నప్పిందని తెలుసు" అంది వదిన. ఆవిడ "గోడకి సున్నం నేను వేయించుకుంటాలే. అడుగున పుల్లలు వేయండి, నీళ్లు దిగుతాయి" అని వెళ్లిపోయింది. మర్నాడు రెండు గంపల ఎండాకులు కిందకి పంపింది కూడా.

ఈసారి పుల్లలు, ఆకులు, నూలు ముక్కలు పల్చగా, తొక్కలు, పేడ, మట్టి. ఇక ఆ మడిలో మళ్లీ నీళ్లు నిలిచింది లేదు. వదిన పోయే ఏడు కూడా అందులోంచి కోసింది. టమాటా, ఉల్లి, ముల్లంగి, పందిరికి చిక్కుడు, అంచుల్లో ఎర్రకాడల ఆకుకూర ఒకటి... ఏమంటారే దాన్ని? మీ అమ్మ చిన్నప్పుడు పచ్చిదే తినేసేది. పేరు నాలిక మీదే ఆడుతోంది. మీ అమ్మకి ఫోన్ చేసి అడుగు. మిగతా పేర్లు కూడా సరిగ్గా చెప్పానో లేదో...