కొండగట్టు కోతుల సర్వీస్ బస్సు

సకల జనుల సమ్మె నడుస్తున్న దినాలవి. సిరిసిల్ల దీక్ష టెంటు ఎదురుంగ కిష్టవ్వ చాయ్ హోటల్. సమ్మెల ఉన్న ఆర్టీసీ కండక్టర్ భూమయ్య, కాలేజీ బందై ఇంటికచ్చిన ఎంసీఏ పిల్ల స్వర్ణలత, ఇంకో పది మంది బల్లల మీద కూసున్నరు. నడుమల చంద్రమౌళి. హైదరాబాదుల సాఫ్ట్‌వేర్ కంపెనీల కొలువని చెప్పుకుంటడు. రేపు రోడ్డు మీద వంటావార్పు, దానికి పెద్దమనిషిగ ఎవలుండాలె అని ముచ్చట రాంగనే గ్లాసు కింద వెట్టిండు.

"పెద్దమనిషిని పెట్టుడే తప్పు భూమయ్యా. రెండేండ్ల కింద ఎల్లంతకుంట కాడ గిట్లనే రోడ్డు మీద వంట వెట్టిన్రు, రెండు వందల మందికి. నేను సెలవు మీద అచ్చిన, ఊకె చూద్దామని పోయిన. పోతే ఏమున్నది? ఉప్పెయ్యాల్నా అంటే పెద్దమనిషిని అడుగుడు, మంట వెట్టాల్నా అంటే పెద్దమనిషిని అడుగుడు. ఆయన జరంత పక్కకు వోతే పొయ్యిలన్ని సల్లగ. జరుగున్రి అన్న, గీడ కావాల్సింది వంటోడు గాదు, ఆర్కిటెక్టు అన్న."

"అంటే మేస్త్రీయా?" అని కిష్టవ్వ అడిగింది.

"సాఫ్ట్‌వేరు మేస్త్రీ అవ్వా. సర్వీస్ ఓరియెంటెడ్ అంటరు. మన సాంచల ముచ్చటే అనుకో. నూలుకు రంగేసెటోనికి సాంచ మీద బట్ట నేసెటోని పెండ్లాం పేరు తెల్వాల్నా? అక్కర్లే. గింత నూలు, గీ రంగు, గీ యాళ్లకు, గంతే ఒప్పందం. పోగు తెగితే ఒక్క సాంచ ఆగుతది గని వాడకట్టంత ఆగుతదా? గట్లనే ముందుగాల ఏమేం పనులున్నయో చూసిన, పనికి పని ఇడదీసిన. అన్నం ఒక సర్వీసు, పప్పు ఒక సర్వీసు, ఇస్తార్లు ఒక సర్వీసు, నడుమ ఒప్పంద కాయితాలు. పన్నెండు గొట్టంగ రెండు వందల మంది తిని చేతులు కడుక్కున్నరు."

"గీడిదాక కరెక్టే చెప్తున్నడు" అని స్వర్ణలత భూమయ్య చెవుల అన్నది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? నా పేరు ఇని ఐదు వేల మంది అచ్చిన్రు. బియ్యం సాలలే. ఏం ఫికరన్న? అన్నం సర్వీసు ఎల్లంతకుంటల్నే ఉండాలని రాసి ఉన్నదా? కోరుట్లకు మార్చిన. పప్పు జగిత్యాలకు, మామిడికాయ తొక్కు రుద్రంగికి. కోరుట్లల వార్చిన అన్నం ఎల్లంతకుంట ఇస్తార్ల వడ్తే మూతులు కాలినయి, గంత ఏడి!"

"రోడ్లన్ని బంద్ వెట్టినంక ఎట్లచ్చింది?" అన్నడు భూమయ్య.

"సర్వీస్ బస్సు మీద."

"ఆనాడు ఒక్క బస్సు డిపో దాటలే. నేను కండక్టర్‌నే."

"నీ ఎర్ర బస్సు గాదే! నడుమల ఉండి ఒకని మాట ఒకనికి చేర్చెటిదాన్ని మా కంపెనీల సర్వీస్ బస్ అంటరు. కొండగట్టుకు వోయి, అంజన్నకు దండం వెట్టి, నాలుగు వందల కోతులను తెచ్చిన. చెట్టుకొక కోతి, చేతుల చిట్టి, నెత్తి మీద గంప. ఒక కోతి యాళ్లకు రాకపోతే ఇంకోదాన్ని తోలుడు. మూడుమాట్ల తోలినా రాకపోతే ఆ తొవ్వ బంద్ వెట్టుడు, కరెంటు ఫీజు ఎగిరినట్టు. జరసేపాగి మల్ల చూసుడు. గిది గూడ ఒక ప్యాటర్నే."

"మరి కోతి చిట్టి తింటే, కాకా? మెసేజ్ పోయినట్టే గద?" అన్నది స్వర్ణలత.

"పోలే బిడ్డా. కోతి కడుపుల క్యూల ఉన్నది."

నవ్వులకు బల్లలు ఊగినయి. చంద్రమౌళికి ఇంకింత ఊపచ్చింది.

"గీ కోతుల సంగతి ఢిల్లీ దాక పోయింది. ఫోనచ్చింది. మౌళి గారూ, మా తాన ఒక్క ఫైలు కదిలిస్తే నలభై ఆఫీసులు కదుల్తున్నయి, జర చిక్కు తియ్యున్రి అన్నరు. కోతుల మీదనే వోయిన, నాలుగు వందల కోతులు, వంతులవారిగ మోసినయి. నాగపూర్ కాడ నీళ్లు తాపిన. వోయి, ఆ నలభై ఆఫీసుల ముంగట ఒక్కటే కిటికి వెట్టిన. ఎనుక ఎవడేం జేస్తడో అడిగెటోనికి అక్కర్లే. కిటికిల అడుగుడు, జవాబు పట్టుకొని పోవుడు. దాన్ని ఫసాడ్ అంటరు. పెట్టినంక నడుస్తదో లేదో చూడాలె గద? మొదటి చిట్టి నేనే ఏసిన. ఏమని ఏసిన్నో ఎర్కనా? తెలంగాణ అని! అర్ధగంటల జవాబచ్చింది. డిసెంబర్ తొమ్మిది, రాత్రి. ఇస్తమని ప్రకటన జేసిన్రా లేదా? మీరంత పటాకులు కాల్చిన్రా లేదా? గది అడిగింది నేను!"

ఈసారి ఎవలు నవ్వలే. స్వర్ణలత నిమ్మలంగ అడిగింది. "మరి కమిట్ కొట్టినవా కాకా?"

"ఆఁ?"

"గంత పెద్ద పని మొదలువెట్టినంక, ఆఖరికి ఖాయమని ఒక మీట వత్తాలె గద. వత్తకపోతే చేసిందంత ఎనుకకు వోతది. వత్తినవా?"

చంద్రమౌళి గ్లాసు మల్ల చేతికి తీసుకున్నడు. "అదే... నాకు ఆకలైంది బిడ్డా. తినచ్చి వత్తుదామని..."

"ఆ నెల ఇరవై మూడో తారీఖున్నే మాట ఎనుకకు తీసుకున్నరు" అన్నది స్వర్ణలత.

భూమయ్య లేచి నిలవడ్డడు. "అంటే నువ్వు బువ్వకు వోయినందుకా మౌళన్నా, గీ రెండేండ్లు మేము రోడ్ల మీద కూసున్నది? లాఠీ దెబ్బకు నా ఎడమ భుజం ఇప్పటికి లేస్తలేదు."

నవ్వులాటకన్నడో నిజంగనే అన్నడో తెలుస్తలేదు. టెంటుల కెల్లి గూడ నలుగురు అచ్చిన్రు. "ఎవలు? మీట వత్తనోడు ఎవలు?"

చంద్రమౌళి అందరి మొఖాలు చూసిండు.

"నేను గాదయ్యా. నేను ఢిల్లీ చూడనే లే. ఆ కంపెనీల మీటింగు రూములకు నీళ్ల క్యాన్లు మోసెటోన్ని. వాళ్లు బోర్డు మీద గీసుకుంట మాట్లాడుకుంటుంటే, క్యాను మార్చినంక గూడ జరసేపు నిలవడి ఇనేది. మంచిగనిపిచ్చేది. గంతే."

కిష్టవ్వ ఇంకో చాయ్ పోసి ఆయన ముంగట వెట్టింది. "రేపు వంట కాడ నీళ్లకు మనిషి లేడు. పొద్దుగాల ఆరింటికి రా."

"ఆరింటికెందుకవ్వా, ఐదింటికే అస్త! క్యాను ఎత్తుట్ల హైదరాబాదు మొత్తంల నా అసొంటోడు లేడు. ఒక్కపారి గిట్లనే, ఒక్క చేత్తోని..."

"ఎన్ని ఎత్తినవే?" అన్నడు భూమయ్య, మల్ల కూసుంట.

చంద్రమౌళి నోరు తెరిచి, భూమయ్య భుజం దిక్కు చూసి, ఆగిండు.

"ఒక్కటే" అన్నడు.