ఇరవై మూడు అంగుళాలు

ఫ్రెంచివాళ్లతో యుద్ధం ముగిసి రెండేళ్లయింది. అమెరికాలో ఇంగ్లండు వలస అయిన న్యూహాంప్‌షైర్ అడవి అంచున, ఒక వితంతువు ఇంట్లో, ఇంగ్లండు రాజుగారి అడవి తనిఖీదారు మోకాళ్ల మీద వంగి నేలకు పరిచిన పలకలు కొలుస్తున్నాడు.

“ఇరవై మూడు అంగుళాలు. ఇదీ ఇరవై మూడే. ఊరంతా ఇంతేనా అమ్మా?”

“ఇరవై నాలుగు అంగుళాల లావు దాటిన దేవదారు రాజుగారి ఓడలకేనన్నారుగా. మా చెట్లకు భయభక్తులెక్కువ బాబూ. ఇరవై మూడు దగ్గరే ఆగిపోతాయి.”

“ఈ భోజనాల బల్ల మాత్రం ఆగినట్టు లేదే! మొత్తం ఒకటే పలక. అడుగున బాణం గుర్తు కూడా ఉంది.”

“ఉంది. చెట్టు మీద గొడ్డలితో చెక్కింది మీవాళ్లే.”

“గుర్తున్నదల్లా రాజుగారి సొత్తు. ఇచ్చేయాలని తెలీదా?”

“తెలియకేం? మా అబ్బాయి ఇనాక్ కెనడాలో ఆ ఫ్రెంచివాళ్లతో యుద్ధంలో పోయాక వాడి తుపాకీ ఇంటికొచ్చింది. దాని మీదా ఇదే బాణం. మీవాళ్లొచ్చి అడిగితే శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చాను.”

“అయ్యో, అమ్మా...”

“పిల్లాడి మీద ఏ గుర్తూ లేదు. అందుకేనేమో, వాణ్ణి తిరిగివ్వాలని ఎవరికీ తోచలేదు.”

తనిఖీదారు కొలబద్ద పక్కన పెట్టాడు.

“ఈ బల్ల ఎవరు చేశారమ్మా?”

“వాడే. యుద్ధానికి వెళ్లే ముందు.”

“సరే, రాసుకుంటున్నాను. బల్ల ఒకటి. వెడల్పు ఇరవై మూడు అంగుళాలు.”

“సరిగ్గా చూడు బాబూ. ముప్పై ఉంటుంది.”

“మీ చెట్లు అంతకు మించి పెరగవని మీరేగా చెప్పారు!”